రక్తం ఎక్కించుకున్న సంగతి యంత్రానికి తెలియదు

మన లేపాక్షి చుట్టుపక్కల పల్లెల్లో రక్తం తక్కువగా ఉన్న తల్లులు ఎక్కువ. చాలామందికి కారణం ఇనుము లోపమే, మాత్రలు సరిగా వాడితే కోలుకుంటారు. కొందరికి మాత్రం నెలల తరబడి మాత్రలు మింగినా రక్తం పెరగదు, ఎర్రకణాలు చిన్నవిగానే ఉంటాయి. అప్పుడు డాక్టరుగారు హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ రాస్తారు. "సిస్టరమ్మా, ఇదేం రోగం?" అని అడుగుతారు. రోగం పేరు కాదమ్మా, పరీక్ష పేరు.

ఎర్రకణాలను పగలగొట్టి లోపలి హిమోగ్లోబిన్‌ను బయటికి తీస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్‌తో చేసిన పలుచని జెల్ పొర మీద దాన్ని వరుసగా చుక్కలు పెట్టి, కరెంటు పంపుతారు. జెల్ అంటే పేరుకున్న గంజిలాంటిదనుకోండి. బడిపిల్లల పరుగు పందెంలా ఒక్కో రకం ఒక్కో వేగంతో కదులుతుంది. మామూలు 'ఏ' రకం ముందు పోతుంది, సికిల్ సెల్‌కు కారణమైన 'ఎస్' వెనకబడుతుంది, 'ఏ2' ఇంకా వెనక. 'ఎస్' రకం వేరుగా కదులుతుందని 1949లో అమెరికాలో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. అప్పుడు జెల్ కాదు, ద్రవంలోనే చేశారు.

ఇప్పుడు ఆటోమేటిక్ యంత్రాలున్నాయి. టెక్నీషియన్ జెల్‌కు తగిన ప్రోగ్రాం ఎంచుకుంటే ఎంత కరెంటు, ఎంతసేపు, ఎంత వేడి అన్నది యంత్రమే చూసుకుంటుంది. ప్రోగ్రాం తప్పినా, వేడి పెరిగినా గీతలు వంకర పోతాయి, ఒకదానిలో ఒకటి కలుస్తాయి. అందుకే ఫలితం ముందే తెలిసిన కంట్రోల్ రక్తాన్ని కూడా పక్కనే నడుపుతారు. 'ఎస్', 'డి' రకాలు క్షార జెల్ మీద ఒకేచోట నిలుస్తాయి. వాటిని విడదీయడానికి ఆమ్ల జెల్ మీద మళ్ళీ నడపాలి. 'ఏ2' ఎంత శాతమో గీత చూసి చెప్పడం నాకు నమ్మకం లేదు, దానికి హెచ్.పి.ఎల్.సి. వంటి యంత్రమే మేలు. ఆ శాతం సుమారు 3.5 దాటితే బీటా తలసీమియా లక్షణం మోస్తున్నారేమో అని చూస్తారు. మోసేవారు రోగులు కారు. కానీ భార్యాభర్తలిద్దరూ మోస్తుంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, బిడ్డకు బతికినంతకాలం రక్తం ఎక్కించాల్సిన జబ్బు రావడానికి. మేనరికాల్లో ఇద్దరూ మోసేవారయ్యే అవకాశం ఇంకా ఎక్కువ.

ఇక నా పొరపాటు చెబుతాను. మేనమామను చేసుకున్న ఒక గర్భిణి రక్తం నేనే తీసి పంపించాను. రిపోర్టు మామూలుగా వచ్చింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. తరువాత వాళ్ళమ్మ మాటల్లో చెప్పింది, "మూడు వారాల కింద వేరేచోట రెండు బాటిళ్ళు ఎక్కించినారు కదా సిస్టరమ్మా" అని. నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. గీతల్లో కనిపించింది సగం దాతల రక్తమే! ఎర్రకణాలు 120 రోజుల వరకు బతుకుతాయి. అందుకే రక్తం ఎక్కించుకున్నాక కనీసం మూడు నెలలు ఆగాలి, లేదా ఎక్కించకముందే నమూనా తీయాలి.

కానీ గర్భిణికి మూడు నెలలంటే చాలా ఎక్కువ. కడుపులోని బిడ్డకు జబ్బు ఉందో లేదో చూసే పరీక్షలకు 11 వారాల నుంచే సమయం మొదలవుతుంది. డాక్టరుగారు ఒక్క మాటతో దారి చూపారు: "ఆమె ఆగాలి, ఆయన ఆగనక్కరలేదు కదా." ఆ రోజే భర్త రక్తం పంపాం. ఆయనకు తలసీమియా లక్షణం లేదు. ఆమె ఫలితం ఏదైనా బిడ్డకు ఆ పెద్ద జబ్బు రాదని తేలింది. కాన్పు తరువాత ఆమెకు మళ్ళీ చేయిస్తే 'ఏ2' ఎక్కువే వచ్చింది. ఇప్పుడు చెల్లెలికీ చేయించమని చెప్పాం, ఆమెకు సంబంధాలు చూస్తున్నారు.

ఊదా మూత ట్యూబులో రక్తం తీసేటప్పుడు ఇప్పుడు నేను అడిగేవి ఇవి: ఎప్పుడైనా రక్తం ఎక్కించారా, ఏ నెలలో? ఇనుము మాత్రలు ఎన్నాళ్ళుగా వాడుతున్నారు? ఇనుము బాగా తగ్గినా 'ఏ2' తగ్గి కనిపించవచ్చు, అందుకే అడగడం. మీ దంపతులు చుట్టాలా? ఇవన్నీ ఫారం మీద రాస్తాం. మేము అడగడం మరిచిపోతే మీరే చెప్పండి. పాత డిశ్చార్జి చీటీలు ఉంటే వాటిని కూడా తీసుకురండి.