ఇంట్లో పడ్డారని రాయించకండి

ఈ పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యాక నా దగ్గరికొచ్చిన ఫైళ్లలో సగం ఒకే కథ. ఫంక్షన్ హాల్లో జారినవారు, రెస్టారెంట్ మెట్ల మీద పడ్డవారు, మాల్లో తడి నేల మీద కాలు విరిగినవారు.

తాజా కేసు అరవై దాటిన పెద్దావిడది. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు. వాష్ బేసిన్ కింద పైపు కారి, నున్నటి గ్రానైట్ మీద నీళ్లు నిలిచాయి. ఓ పట్టా పరిచిన పాపాన పోలేదు. తుంటి ఎముక విరిగింది. హాలు మేనేజరే కారెక్కించి, దారిలో కొడుకుతో అన్నాడట: "ఇంట్లో పడ్డారని చెప్పండి సార్, లేకపోతే పోలీసు కేసంటూ ఆపరేషన్ ఆలస్యం చేస్తారు. బిల్లు మేం చూసుకుంటాం." కొడుకు తలూపాడు. కేస్ షీట్లో 'ఇంట్లో జారిపడ్డారు' అని ఎక్కింది. అడ్వాన్స్ కట్టాక మేనేజరు ఫోనెత్తడం మానేశాడు.

పదేపదే చెబుతున్నాను, ఎక్కడ పడ్డారో అక్కడే పడ్డామని చెప్పండి. నోటీసుకు జవాబుగా అవతలి లాయరు జతచేసేది ఆ కేస్ షీట్ కాపీనే. అప్పుడు నా దగ్గరికొచ్చి "ఏదో తొందరలో అన్నాం సార్" అంటే నేనేం చేయను?

నిజానికి చట్టం బాధితుల వైపే ఉంది. తన హాలుకు వచ్చేవారికి ప్రమాదం జరగకుండా చూసుకోవడం యజమాని బాధ్యత. "డబ్బు కట్టింది పెళ్లివారు, అతిథికేం హక్కు?" అంటారు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, డబ్బు కట్టినవారి సమ్మతితో సేవ పొందినవారూ వినియోగదారులే. మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్లలోపు. గోడ మీది 'యాజమాన్యం బాధ్యత వహించదు' బోర్డు చూసి బెదరకండి. హోటల్లో పార్కింగ్‌కిచ్చిన కారు పోయిన కేసులో, సొంత నిర్లక్ష్యాన్ని అలాంటి రాతలతో కప్పిపుచ్చుకోలేరని 2019లోనే సుప్రీంకోర్టు తేల్చింది. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్ మంటల్లో 59 మంది పోయారు. అదనపు సీట్లు వేసి దారి మూసిన యజమానులు పరిహారం కట్టక తప్పలేదు.

స్టేషన్‌కెళితే "జారిపడితే కేసేంటండీ" అంటారు. నిర్లక్ష్యంతో గాయపరిస్తే భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది. ఎస్సైగారికి తెలియక కాదు, రాయడానికి బద్ధకం. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి.

డాక్టరు అడిగినప్పుడు హాలు పేరు, ఊరు, వేళ చెప్పి, షీట్లో ఏం రాశారో చదివి చూడండి. మేనేజరు పక్కనే ఉన్నా సరే. అతను బిల్లు కడతానంటే కట్టనివ్వండి, అబద్ధం మాత్రం రాయించకండి.

పెద్దావిడ కేసులో ఇప్పుడు నాకు మిగిలిన ఆధారం పెళ్లి వీడియో. సీసీటీవీ ఫుటేజీ అడిగేసరికే చెరిగిపోయిందన్నారు. వీడియోగ్రాఫర్ దగ్గర ఎడిట్ చేయని ఫైళ్లలో, వెనకాల ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తున్న దృశ్యం ఉంది. ఆల్బమ్ ఇచ్చేశాక అవి డిలీట్ చేసే అలవాటతనిది. హార్డ్ డిస్క్ భద్రపరచమని నోటీసు పంపాను.