క్రొత్త పరుపునకు నీడయు గాలియు

చిరంజీవి సౌభాగ్యవతియగు మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో మీ క్రొత్త యింటికి వచ్చే వారము మెమరీ ఫోమ్ పరుపు రానున్నదనియు, వచ్చిన రాత్రియే దానిపై పడుకొందుమనియు నిన్న నీవు ఫోనులో చెప్పగా సంతసించితిని గాని, మా యింట జరిగినది తలపునకు వచ్చి, నోటిమాటగా చెప్పినది పనుల సందడిలో మఱపున పడునను శంకచే ఈ యుత్తరము వ్రాయుచున్నాను.

మీ అమ్మమ్మ నడుమునొప్పికి ఉపశమనము కలుగునని రెండేండ్ల క్రిందట అట్టి పరుపే కొంటిని. చాపచుట్టవలె చుట్టి, ప్లాస్టిక్కులో గాలి చొరకుండ బిగించి తెచ్చిరి. విప్పిన రాత్రియే దుప్పటి పఱచి, తలుపులు బిడాయించి, ఏ.సీ. వేసికొని పడుకొంటిమి. తెల్లవాఱుసరికి ఆమెకు తలనొప్పి, గొంతులో మంట. బూరుగుదూది పరుపులను ప్రతి వేసవియందును మేడపై నెండవేసి కఱ్ఱతో దులుపు మన యింటి యాచారము చొప్పున, పైతొడుగు తీసి ఆ క్రొత్త పరుపును నాలుగు దినములు మండుటెండలో నుంచితిని. వాసన తగ్గినది, కాని పైభాగమంతయు పసుపుపచ్చగా మాఱినది. దూదికి మేలుచేయు నెండయే ఫోమును పసుపెక్కించి క్రమముగా పొడిపొడిగా రాల్చునని, నలువది యేండ్లు బడిలో రసాయనశాస్త్రము చెప్పిన నాకు సమయమునకు తోచనందులకు నేటికిని విచారించుచునే యున్నాను.

ఈ ఫోము పాలియురితేన్ జాతిది. విమానములలో కూర్చుండువారిని తాకిడినుండి కాపాడు నాసనములకై, అమెరికాలోని నాసా ఎయిమ్స్ పరిశోధనాకేంద్రముకొఱకు 1966లో చార్లెస్ యోస్ట్ అను నింజనీరు రూపొందించినదే పిమ్మట పరుపులలోనికి వచ్చినది. పాలియోల్, ఐసోసైనేట్ అను ద్రవములు కలిసి పొంగి ఫోముగా నేర్పడునప్పుడు, ఆ క్రియకు తోడ్పడుటకై చేర్చిన ద్రవ్యములలో సులభముగా నావిరియగునవి కొన్ని ఆ సూక్ష్మరంధ్రములలో చిక్కుకొని, ప్లాస్టిక్కులో నున్నంతకాలము వెలికిపోవు దారి లేక, చుట్ట విప్పినతోడనే గుప్పున వెలువడును. వాని పరిమాణము స్వల్పమే యగుటచే పెక్కుమందికి చెప్పుకొనదగిన బాధ యుండదు. ఉబ్బసము గలవారికిని, ఘాటువాసనలు గిట్టనివారికిని మాత్రము కష్టమే.

కావున, అమ్మా, పరుపు రాగానే కత్తిమొన ఫోమునకు తగులకుండ పై ప్లాస్టిక్కు మాత్రము కోసి, ఎవరును పడుకొనని గదిలో, క్రిందనుండియు గాలి తగులునట్లు చెక్కపట్టీల మంచముపై పఱచి, దుప్పటి కప్పక రెండు మూడు దినములు విడిచిపెట్టుము. అది పూర్తిగా పొంగి తన యాకృతికి వచ్చుటకును ఒకటి రెండు దినములు పట్టును. ఎండ నేరుగా పడని వేళ ఎదురెదురు కిటికీలు తెఱచి, టేబుల్ ఫ్యానును కిటికీవైపు త్రిప్పి, గదిలోని గాలి వెలుపలికి పోవునట్లు పెట్టుము. మన యిండ్లలోని ఏ.సీ. ఉన్న గాలినే మరల మరల త్రిప్పును గాని బయటికి పంపదు. దానిని నమ్మి తలుపులు మూయుటయే మేము చేసిన మొదటి తప్పు. అగరువత్తులు వెలిగింపకుము, సెంటు చల్లకుము. అవి ఒక వాసనపై మఱియొక వాసనను కప్పునంతే. నీటితో తుడుచుట యసలే వలదు. లోనికి దిగిన తడి త్వరగా నాఱదు. మూడవనాడు ముక్కు దగ్గఱ పెట్టి చూడుము. ఘాటు ఇంకను తెలియుచున్నచో మఱి రెండు దినములు ఆగుము.

ఇక మీ పసివాని మాట. వాసన పూర్తిగా పోయిన తరువాతనైనను వానిని ఆ పరుపుపై పడుకోబెట్టకుము. శరీరపు వేడికి మెత్తబడి లోనికి దిగుటయే దాని గుణము; మెడ నిలువని బిడ్డ బోర్లపడి ముఖము అందులో కూరుకొనినచో ఊపిరి తిరుగదు. మీ అమ్మమ్మ తన పాత నేతచీరలతో కుట్టిన పలుచని బొంతను రేపు పార్సిలులో పంపుచున్నది. దానిని గట్టి పక్కపై ముడుతలు లేకుండ పఱచి, వానిని వెల్లకిల పడుకోబెట్టుము. పార్సిలు అందగానే ఫోను చేయుము, ఆమె ఎదురుచూచుచుండును.

ఇట్లు,
నీ తాతయ్య