ప్రత్యేక పాఠశాలనుండి కళాశాలకు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు కాలువల సంగతి వేఱుగా చెప్ప నక్కఱలేదు. విజయవాడయొద్ద 1855వ సంవత్సరమున ముగిసిన ఆనకట్టవలనను, దాని పిమ్మట 1957లో వెలసిన ప్రకాశం బ్యారేజివలనను గుడివాడ, బందరు, దివిసీమ భూములు పండుచు వచ్చినవి. అయినను ఎగువ పొలమునకు అందినంత సుళువుగా శివారు పొలమునకు నీరందదు. శివారు రైతు వేసవిలోనే పంటబోదెలో పూడిక తీయించి, తూడును గుఱ్ఱపుడెక్కను ఏరివేయించి, గట్లు సరిచేసికొని కనిపెట్టుకొని యుండును. నీరు విడిచిన పిమ్మట పార పట్టుకొని బయలుదేరిన వాని నారుమడి ఆ యేడు తడియదు. ప్రత్యేక పాఠశాలలో చదువుకొను పిల్లవానికి కళాశాల విద్య యట్టిదే. నీరు అతనికిని హక్కే. కాని బోదె ముందుగా త్రవ్వుకొనవలెను.

ఈ విషయము మన పాఠశాల సంచికలో ఏల అని కొందఱు అడుగవచ్చును. మన విద్యార్థులలో పలువురకు ఇంటనో, పొరుగింటనో చూపు లేని చెల్లెలో, వినికిడి లేని అన్నయో ఉండుట మేమెఱుగుదుము. వారు దూరపు ఊరి వసతిగృహములో ఉండి చదువుకొని సెలవులకు వచ్చుచుందురు. వారి తలిదండ్రులు సలహాకొఱకు మాయొద్దకు వచ్చుచుందురు. కావున ఈ పాఠము వారికొఱకును, వారితో కలిసి పెరుగుచున్న మీకొఱకును వ్రాయుచున్నాము.

ప్రత్యేక పాఠశాల యననేమి?

అంధులకు స్పర్శలిపిచేతను, బధిరులకు సంజ్ఞలచేతను, బుద్ధివికాసము నెమ్మదిగా జరుగు పిల్లలకు వారి నడకననుసరించిన బోధనచేతను విద్య నేర్పుటకు ఏర్పడిన బడి ప్రత్యేక పాఠశాల. ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిలు అను అంధబాలుడు తన పదునైదవ యేట, 1824లో, ఆఱు చుక్కల లిపిని రూపొందించెను. మన దేశమున మిస్ ఆనీ షార్పు అను మిషనరీ 1887లో అమృతసరమున అంధుల పాఠశాలను స్థాపించెను. మన బందరులో రాబర్టు నోబిలు దొరగారు 1843లో పాఠశాల తెఱచిన నలువదినాలుగు సంవత్సరముల పిమ్మటగాని అంధులకు ఆ పాటి భాగ్యము కలుగలేదన్నమాట.

ఈ బడులు చేసిన మేలు అపారము. అయినను వానియందొక చిక్కు కలదు. అక్కడి ఉపాధ్యాయులకు పిల్లవాని అవసరము తెలియును; కళాశాలవారికి తెలియదు. అక్కడ పుస్తకము వానికి తగిన రూపమున దొరకును, కళాశాలలో దొరకదు. రెంటి నడుమ వంతెన కట్టువాడు వేఱొకడు లేడు. పిల్లవాడును, తలిదండ్రులును, గురువులును కలిసియే దానిని కట్టవలెను.

బందరు దాపున పుట్టిన ఒక బాలుని కథ

ఈ వంతెన ఎట్లు కట్టబడునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. బొల్లా శ్రీకాంత్ గారు మచిలీపట్టణము దాపుననున్న సీతారామపురమున వ్యవసాయ కుటుంబములో పుట్టుకతోనే చూపులేక జన్మించిరి. ఈ బిడ్డ మీకు భారమగునని తలిదండ్రులకు చెప్పినవారు కలరు; తలిదండ్రులు ఆ మాట పెడచెవిని పెట్టిరి. ఊరి బడిలో ఆయనతో ఆడువారుగాని మాటలాడువారుగాని లేకపోయిరి. ఎనిమిదేండ్ల ప్రాయమున హైదరాబాదులోని అంధుల వసతి పాఠశాలలో చేరి, అక్కడ చదువునందును ఆటలయందును ముందంజ వేసిరి.

పదవ తరగతి చక్కగా ముగిసిన పిమ్మట అసలు పరీక్ష వచ్చినది. ఆయన కోరినది గణితము, విజ్ఞానశాస్త్రము. పటములును రేఖాచిత్రములును ఉండు ఆ శాస్త్రములను అంధులు చదువుటకు ఆనాటి రాష్ట్ర నియమములు ఒప్పలేదు. ఆయన న్యాయస్థానము నాశ్రయించిరి. గురువు ఆయనకు బాసటగా నిలిచిరి. దాదాపు ఆఱు మాసములకు తీర్పు అనుకూలముగా వచ్చినది. పాఠ్యపుస్తకములను ధ్వనిరూపమున వినుచు చదివి, ఇంటర్మీడియెట్టులో నూటికి 98 మార్కులు తెచ్చుకొనిరి. ఐ.ఐ.టి. ప్రవేశపరీక్షకు సిద్ధపఱచు శిక్షణసంస్థలు చేర్చుకొనకపోగా, అమెరికా విశ్వవిద్యాలయములకు దరఖాస్తు పెట్టి, 2009లో మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరిరి. పరదేశమునుండి అచ్చట చేరిన మొదటి అంధవిద్యార్థి ఆయనయే. తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అను పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు పని కల్పించిరి. ఆయన జీవితము 2024లో హిందీ చలనచిత్రముగా కూడ వెలువడినది.

ఈ కథను విని చప్పట్లు కొట్టి లేచిపోవుట సుళువు. మేము కోరునది అది కాదు. ఒక బాలుడు ఇంటర్మీడియెట్టు చదువుటకే న్యాయస్థానమునకు పోవలసివచ్చెనే, అట్లు పోలేనివారెందఱు ఆ గడపయొద్దనే ఆగిపోయిరో ఆలోచింపుడు. ఆయన మెట్లలో ప్రతిదాని వెనుక ఒక ముందు ఏర్పాటు కలదు: ఏ శాస్త్రము కావలెనో ముందే యెఱుగుట, వెంట నిలుచు గురువు, వినదగిన పుస్తకము, ఒక తలుపు మూసిన మఱియొక తలుపు తట్టుట. ఈ ఏర్పాట్లు ఎవరైనను చేసికొనదగినవే.

మేము చేసిన తప్పు

ఇచ్చట మా తప్పొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట వినికిడి లేని యొక బాలుని తల్లి మాయొద్దకు వచ్చెను. బాలుడు ప్రత్యేక పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండెను, లెక్కలలో దిట్ట. ఆంగ్లము మాత్రము కష్టముగా నుండెను. భాషాపత్రమునుండి మినహాయింపు దొరకునని తెలిసి, తీసికొనవచ్చునా యని ఆమె అడిగెను. మేము జాలిపడి, "తీసికొనుడమ్మా, పిల్లవానిని ఏల బాధపెట్టుట?" అంటిమి. బాలుడు సుళువుగా ఉత్తీర్ణుడయ్యెను. మేమును సంతోషించితిమి.

పిమ్మట అతడు వాణిజ్యశాస్త్రము చదువుటకు ఒక కళాశాలలో చేరెను. అక్కడ పుస్తకములన్నియు ఆంగ్లముననే. ఉపన్యాసము వినరాదు, పుస్తకము చదువరాదు. రెండవ మాసముననే పెట్టె పట్టుకొని ఇంటికి వచ్చెను. ఆ తల్లి మమ్ము నిందింపలేదు. "మాస్టరుగారూ, ఆ పరీక్ష తప్పినను మరల వ్రాసెడివాడు గదా" అని మాత్రము అనెను.

మాకు అప్పుడు తలాంతుల ఉపమానము జ్ఞాపకమునకు వచ్చినది. ఆ దాసుడు భయపడి తనకు అప్పగింపబడిన తలాంతును పాతిపెట్టెను. మేము జాలిపడి మఱియొకని తలాంతును పాతిపెట్టితిమి. ఆ బాలుడిప్పుడు ప్రతి శనివారము సాయంకాలము మాయింటికి వచ్చి ఆంగ్లము వ్రాయుచున్నాడు. పోయిన సంవత్సరములు మాత్రము తిరిగి రావు.

ఏ తరగతిలో ఏమి చేయవలెను?

పై యనుభవమువలన మేము నేర్చుకొన్నదానిని వరుసగా వ్రాయుచున్నాము.

మొదటిది. ఎనిమిదవ తరగతిలోనే పిల్లవానిని అడుగవలెను: నీకేమి చదువ నిష్టము? అతని బదులు మనము చెప్పరాదు. ఆ చదువునకు కళాశాలలో ఏ విషయములు ముందుగా కావలెనో విచారించి, ఆ విషయములను విడువకుండ చూచుకొనవలెను. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము పరీక్షలో అదనపు కాలమును, లేఖకుని సహాయమును, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపును ఏర్పఱుపవలెనని చెప్పుచున్నది. మినహాయింపు హక్కే కాని విధి కాదు. ఏది విడిచిన ఏ తలుపు మూసికొనునో తెలిసికొని విడువవలెను.

రెండవది. తొమ్మిదవ తరగతి ముగియులోపల పత్రములు సిద్ధపఱచుకొనవలెను. వైకల్యము నూటికి 40 వంతులకు తక్కువ కాదని వైద్యాధికారి ఇచ్చు ధ్రువపత్రము ముఖ్యమైనది. యు.డి.ఐ.డి. అను గుర్తింపు కార్డు దేశమంతట చెల్లును. ఆధార్ కార్డులో ఒక విధముగను, బడి రిజిస్టరులో మఱియొక విధముగను పేరుండిన ప్రవేశపు దినమున దుఃఖము తప్పదు. పైని చెప్పిన చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. 40 వంతులు దాటినవారికి ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను నూటికి 5కు తగ్గకుండ స్థానములు కేటాయింపవలెననియు, గరిష్ఠ వయఃపరిమితిలో 5 సంవత్సరముల సడలింపు ఈయవలెననియు శాసించుచున్నది.

మూడవది. పరీక్ష ఏ రీతిని వ్రాయవలెనో ఆ రీతిని సంవత్సరము పొడుగున అభ్యసింపవలెను. లేఖకునిచే వ్రాయించుట యొక విద్య. మనస్సులో వాక్యము కూర్చుకొని, తప్పులేకుండ చెప్పి, చెప్పినదానిని గుర్తుంచుకొనవలెను. గంటకు 20 నిమిషములకు తగ్గని అదనపు కాలము నియమమున కలదు. మూడు గంటల పరీక్షకు ఒక గంట యెక్కువ. ఆ గంటను వాడుకొనుటకు కూడ అలవాటు కావలెను. చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లరు 1899లో కళాశాల ప్రవేశపరీక్షకు కూర్చుండబోవు తరుణమున, బీజగణితపు ప్రశ్నపత్రము తనకు అలవాటులేని స్పర్శలిపి గుర్తులతో నున్నదని తెలిసికొనెను. ఆ గుర్తులను కొలదికాలములో నేర్చుకొని పరీక్ష వ్రాసి, 1900లో రాడ్‌క్లిఫ్ కళాశాలలో చేరి, 1904లో పట్టము పుచ్చుకొనెను. అంతటి మేధావికే తడబాటు కలిగిన చోట మన పిల్లలను సిద్ధపఱుపక పంపరాదు.

నాలుగవది. పుస్తకము. నేడు చరవాణిలోను కంప్యూటరులోను తెరమీది అక్షరములను చదివి వినిపించు ఏర్పాట్లు ఉచితముగా దొరకుచున్నవి. అచ్చుపుస్తకము చదువలేనివారికొఱకు సుగమ్య పుస్తకాలయ అను అంతర్జాల గ్రంథాలయము 2016లో ఆరంభమైనది. వీనిని కళాశాలలో చేరిన పిమ్మట నేర్చుకొందమనుట నీరు వచ్చిన పిమ్మట బోదె త్రవ్వుటయే.

ఐదవది. స్వయంపోషణ. వసతి పాఠశాలలో గంట కొట్టగానే అన్నము వచ్చును. కళాశాలలో గంట కొట్టువారుండరు. కావున సెలవులకు ఇంటికి వచ్చిన పిల్లవానిని పీటమీద కూర్చుండబెట్టి సేవచేయుట ప్రేమ కాదు. గుడివాడ బస్సు నిలయములో తానే టికెట్టు కొనుట, చిల్లర లెక్కచూచుకొనుట, బట్టలు ఉదుకుకొనుట, తెలియని దారిని అడిగి తెలిసికొనుట నేర్పవలెను. తనకు ఏ సహాయము కావలెనో తానే మర్యాదగా అడుగుట అన్నిటికంటె ముఖ్యము. తల్లి మాటలాడినచో అధికారి తల్లినే చూచును.

ఆఱవది. కళాశాలను ముందు చూచి రావలెను. గుడివాడలోని అక్కినేని నాగేశ్వరరావు కళాశాల యైనను, బందరులోని నోబిలు కళాశాల యైనను, 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయ మైనను, దూరపు పట్టణపు కళాశాల యైనను సరే. ఇంటర్మీడియెట్టులో నుండగనే పోయి అడుగవలెను. చక్రాల కుర్చీ పోవు వాలుబాట కలదా? తరగతి మేడమీదనా, క్రిందనా? పాఠము వ్రాతరూపమున ఇత్తురా? సంజ్ఞలలో చెప్పువారు కలరా? ప్రయోగశాలలో తోడుగా ఎవరుందురు? సమాధానము "లేదు" అని వచ్చినను నష్టము లేదు. కోరుటకు కాలము మిగిలి యుండును.

అందఱకును కళాశాలయేనా?

కాదు. బుద్ధివికాసము మందగించిన పిల్లలలో కొందఱకు కళాశాల తగిన దారి కాకపోవచ్చును. వారికొఱకు 1984లో సికింద్రాబాదున వెలసిన జాతీయ సంస్థ వృత్తివిద్యలను గూర్చియు ఆలోచించుచున్నది. నెమ్మదిగా ఒక్కొక్క విషయమే వ్రాయదలచినవారికి సార్వత్రిక పాఠశాల విధానము కలదు. చేతిపని నేర్చి గౌరవముగా బ్రతుకుట తక్కువ కాదు. అయితే "వీనికి కళాశాల ఏల?" అను మాట పిల్లవాని శక్తిని తూచి చెప్పినదా, మన అలసటను తూచి చెప్పినదా అని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

మన విద్యార్థులకు

ప్రియ విద్యార్థులారా, పుట్టుగ్రుడ్డివానిని చూచి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగిరి. ప్రభువు పాపములను లెక్కింపక, చేయవలసిన పనిని చూపెను. ఆ పనిలో మీకును పాలు కలదు. లేఖకుడు పరీక్ష వ్రాయువానికంటె క్రింది తరగతివాడై యుండవలెనను నియమము సాధారణముగా కలదు. అనగా పెద్దలు చేయలేని ఈ సేవను మీరే చేయగలరు. ఆయా పరీక్షామండలి నియమములను ముందుగా చదివి, స్పష్టమైన దస్తూరిని అలవఱచుకొని, చెప్పినదే వ్రాయు నిజాయితీని నేర్చుకొని సిద్ధముగా నుండుడు. సెలవులలో మీ పొరుగున నున్న చూపులేని విద్యార్థికి దినమునకు ఒక పాఠము చదివి వినిపింపుడు. అతడు పొందు మార్కులలో మీ పేరుండదు. కాని అతని బోదెలో మీరు తీసిన పారెడు మన్ను ఉండును.