పచ్చళ్ల పని, చెవిలో హోరు

నా వయసు 48. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. నాలుగేళ్లుగా ఎడమ చెవితో అవస్థ పడుతున్నాను. ముందు చెవి దిమ్మెక్కుతుంది, తర్వాత హోరు మొదలవుతుంది. కాసేపటికి ఇల్లంతా గిర్రున తిరుగుతుంది. మంచం పట్టె పట్టుకుని రెండు మూడు గంటలు కళ్లు మూసుకు పడుకోవాల్సిందే. వాంతులు కూడా అవుతాయి. నెలకు మూడు నాలుగుసార్లు ఇదే వరస. ఆ చెవికి ఫోన్ పెట్టుకుంటే మాటలు సగమే తెలుస్తున్నాయి. ఎమ్మారై తీసి, మెనియర్స్ జబ్బన్నారు. రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. ఈమధ్య ఆపరేషన్ చేసి లోపలి చెవిలో భాగం తీసేస్తే తిరుగుడు పోతుందన్నారు. మావారు చేయించేద్దామంటున్నారు. మా అక్క వద్దంటోంది. కాగే నూనె దగ్గర నిలబడే పని నాది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, తెనాలి

అమ్మా, ఈ జబ్బుకు ఆపరేషన్ ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే దానికంటే ముందు చేయాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి.

వినికిడినిచ్చే భాగం, ఒంటిని తూలకుండా నిలిపే భాగం లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. రెండింటిలోనూ ఒకే ద్రవం ఉంటుంది. మెనియర్స్‌లో ఆ ద్రవం ఎక్కువై లోపలి పొరలు ఉబ్బుతాయి. అందుకే దిమ్ము, హోరు, వినికిడి తగ్గడం, తిరుగుడు అన్నీ కలిసే వస్తాయి. ఇలాంటి తిరుగుడు చెవి నుంచీ రావచ్చని 1861లో పారిస్ వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ చెప్పేదాకా దాన్ని మెదడు జబ్బుగానే చూసేవారు.

మీకు చెప్పిన ఆపరేషన్‌లో తూకం చూసే భాగాన్ని తీసేస్తారు. చాలామందికి గిర్రున తిరగడం ఆగిపోతుంది. దాంతోపాటే ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. హోరు తగ్గుతుందన్న హామీ లేదు. తర్వాత కొన్ని వారాలు తూలుతూ నడుస్తారు. కుడి చెవి సాయంతో మెదడు కొత్త లెక్క నేర్చుకునేదాకా వ్యాయామాలు చేయాలి. తూకం నరాన్ని మాత్రం కత్తిరించి వినికిడి కాపాడే పద్ధతీ ఉంది గానీ అది పుర్రె తెరిచి చేసే పెద్ద ఆపరేషన్. ఇంకో మాట. కొందరికి కొన్నేళ్లకు ఈ జబ్బు రెండో చెవికీ వస్తుంది. ఫోన్‌లో సగం మాటలైనా వినిపిస్తున్న చెవిని వదులుకునే ముందు ఇది ఆలోచించాలి.

ఆపరేషన్‌కంటే ముందు చేయాల్సినవాటిలో మొదటిది, చెవిలో ద్రవం పెరగకుండా ఉప్పు తగ్గించి చూడటం. ఉప్పు సరిపోయిందో లేదోనని ప్రతి జాడీ మీరే రుచి చూస్తుంటారు కదా, ఆ పని ఇంకొకరికి అప్పగించండి. పచ్చడి, అప్పడం, కూర అన్నీ కలిపి రోజుకు చెంచా ఉప్పు దాటనివ్వకండి. రెండోది, కర్ణభేరి గుండా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి చెవి డాక్టర్‌ను అడగండి. అది మామూలుగా వినికిడిని దెబ్బతీయదు. జెంటామైసిన్ ఇంజెక్షన్ తిరుగుడును బాగా అణుస్తుంది గానీ వినికిడి తగ్గే ప్రమాదముంది. అది ఆ తర్వాతి మెట్టు. మూడోది, తిరుగుడు ఆపే మాత్రలు రోజూ వేసుకుంటున్నారేమో చూపించండి. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. సొంతంగా మాత్రం మానేయకండి.

ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎప్పుడు తిరిగింది, ఎంతసేపు, ముందురోజు ఏం తిన్నారు, నిద్ర పట్టిందా అన్నది రాయండి. మూడు నెలల తర్వాత రెండు చెవులకూ వినికిడి పరీక్ష మళ్లీ చేయించండి. ఇంజెక్షన్లకూ లొంగకుండా తిరుగుడు కొనసాగుతూ, ఎడమ చెవి వినికిడి ఎందుకూ పనికిరానంతగా తగ్గి, కుడి చెవి బాగుంటే మీవారి మాటే సరైనది. అప్పుడు ధైర్యంగా చేయించుకోండి. అందాకా మీ అక్క మాట వినండి.

ఈలోగా చెవి దిమ్మెక్కగానే పొయ్యి కట్టేసి నేల మీద కూర్చోండి. తిరుగుడుతో పాటు మాట ముద్దగా రావడం, కాలూచేయీ పట్టుతప్పడం, ఒకటి రెండుగా కనబడటం జరిగితే అది చెవి జబ్బు కాకపోవచ్చు. క్షణం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.