ఎలుకమందు తిన్న కుక్క

వరి పొట్టకు వచ్చు దినములలో మన ఇబ్రహీంపట్నం ప్రాంతపు రైతులు ఎలుకలకు మందు పెట్టుట వాడుక. 96 పాళ్లు నూకలకు 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్ కలుపుదురు. ఆ నూనె వాసన ఎలుకనే గాక చేను కాయు కుక్కను గూడ పిలుచును.

ఈ నల్లని పొడి కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీన్ అను విషవాయువును పుట్టించును. కొలది నిమిషములకో, కొన్ని గంటలకో కుక్క కక్కును, కడుపుబ్బి ఆయాసపడును, పిదప మూర్ఛలు వచ్చును. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. కావున మూర్ఛల కొరకు వేచియుండక, తిన్నదని తెలిసిన క్షణముననే పశువైద్యశాలకు కొనిపోవలెను.

నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక రైతు కుక్కకు చింతపండు పులుసును, ఉప్పునీళ్లను నేనే దగ్గరనుండి పోయించితిని. కుక్క బ్రతుకలేదు. తరువాత పశువైద్యుడు చెప్పగా నా తప్పు నాకు తెలిసినది. పులుపు ఆమ్లమును హెచ్చించును. ఉప్పు మితిమీరిన అదియే విషము. అన్నము పెట్టినను కడుపులో ఆమ్లమూరును గనుక అన్నము, పాలు, మజ్జిగ ఏవియు పెట్టరాదు. స్పృహ తప్పిన కుక్క నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి దిగును. వైద్యుడు చెప్పనిదే కక్కింపనురాదు. తానుగా కక్కినచో ఆ వాయువు మనుష్యులకును కీడు. కుక్కను ఆరుబయట నుంచుడు, బండిలోనైనచో కిటికీలు తెరువుడు. బాధలో నున్న కుక్క యజమానినైనను కరచునని మరువకుడు.

మందు డబ్బానో, పొట్లమునో వెంట తీసికొనిపోవుట మిక్కిలి అవసరము. ఎప్పుడు, ఎంత తిన్నదో చెప్పుడు. మందును బట్టి చికిత్స మారును. బ్రోమాడియోలోన్ బిళ్ల తిన్న కుక్క మూడు నాలుగు దినములు ఆరోగ్యముగానే కనబడి, పిమ్మట చిగుళ్లనుండి రక్తము కారి నీరసించును. ముందే తెచ్చినచో విటమిన్ కె1తో బ్రతికింపవచ్చును. ఆ మందు వారముల తరబడి ఇయ్యవలెను. చొంగ కారుచు వణకుచున్నచో పురుగుమందని అనుమానింపవలెను; దానికి వైద్యుడు అట్రోపిన్ ఇచ్చును. ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినను, పాత కొట్టములలో మిగిలిన సంచులుండవచ్చును. వెదకి చూడుడు.

ఇక ఎరను గట్లపై చల్లుట మానుడు. పది గ్రాముల పొట్లములుగా కట్టి, బొరియ లోపలికి త్రోసి, మట్టితో మూయుడు. చచ్చిన ఎలుకలను ఉదయముననే ఏరి లోతుగా పూడ్చుడు. వాటిని తిన్న కుక్కకును అపాయము కలుగును. ఆ రెండు మూడు దినములు కుక్కను ఇంటియొద్దనే కట్టియుంచుడు.