తెరచాప యోడపై బాలుర దినచర్య

భూగోళ పాఠమున వాణిజ్య పవనములనుగూర్చి చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా, ఇప్పుడు ఓడలన్నియు యంత్రములచేతనే నడచుచున్నవి గదా, తెరచాపల సంగతి మనకేల?" అని యడిగెను. ప్రశ్న మంచిదే. అంతలో గంట మ్రోగుటచే సగము ప్రత్యుత్తరమే చెప్పగలిగితిమి. తక్కిన సగము ఇచ్చట వ్రాయుచున్నాము.

యూరపు ఖండపు ఉత్తరభాగముననున్న డెన్మార్కు దేశమును పటములో చూడుడు. దాదాపు చుట్టును సముద్రము, నడుమ అనేక ద్వీపములు. ఆ దేశమున ఫ్రెడరిక్ స్టేజి యను ఓడల యజమాని యుండెను. ఆయన కుమారుడగు జార్జి యౌవనముననే మరణించెను. తండ్రి కుమారుని జ్ఞాపకార్థమై 1882లో ఒక ఓడను కట్టించి, నావికవృత్తి నేర్వగోరు బాలురకై దానిని ధర్మముగా నొసగెను. దానికి జార్జి స్టేజి యనియే పేరు. పొడవు నూరడుగులకు కొంచెము మించును. మూడు పొడవైన కొయ్యలు, వానికి అడ్డముగా దూలములు, ఆ దూలములనుండి వ్రేలాడు చదరపు తెరచాపలు. అంత చిన్న యోడలో ఎనుబదిమంది బాలురు! వసంతమున బయలుదేరి చుట్టుపట్ల సముద్రములలో తిరిగి, శీతకాలమునకు ముందు రేవు చేరుదురు.

వారికి మంచములు లేవు. ఓడ క్రిందిభాగమున కొక్కెములకు గుడ్డ యూయలలు కట్టుకొని వరుసగా పండుకొందురు. ఒకడు కదలినచో ప్రక్కవాడు కదలును. ఉదయమున లేవగానే ఎవరి యూయల వారు చుట్టి కట్టి దాని స్థానమున నుంచవలెను. ఏలయన ఆ గదియే వారికి భోజనశాల. పిమ్మట డెక్కు కడుగుట. దానికి ఉప్పునీరే వాడుదురు. మంచినీరు త్రాగుటకును వంటకును మాత్రమే. పైగా ఉప్పునీటితో తడుపుచుండిన కొయ్యపలకలు ఎండి బీటలు వారక చిరకాలము నిలుచును. తరువాత ఇత్తడి సామాను తోముట, మోకులు చక్కగా చుట్టుట, చిరిగిన తెరచాపలు కుట్టుట, వంటవానికి కూరగాయలు తరిగి యిచ్చుట. మొదటి దినములలో ఇవన్నియు కడుపులో త్రిప్పుచుండగనే చేయవలెను. సముద్రపు వికారమునకు సెలవు చీటి పనికిరాదు.

తెరచాపలను విప్పుటకును కట్టుటకును కొయ్య నెక్కవలెను. గాలి వచ్చు వైపుననే యెక్కుట నియమము; అప్పుడు గాలి యెక్కువానిని త్రాళ్లకు అదిమిపెట్టునుగాని పెరికి పారవేయదు. పైకి చేరి, అడ్డుదూలము క్రింద కట్టిన ఒక త్రాటిపై పాదములుంచి, దూలమునకు పొట్ట నానించి, బిగిసిన తెరచాపను పిడికిళ్లతో లాగి మడతపెట్టుదురు. అనుభవశాలియగు నావికుడు క్రొత్తవానికి మొదట నేర్పు పాఠము: ఒక చేయి ఓడకు, ఒక చేయి నీకు. ఒక్కడు లాగిన తెరచాప రాదు. పదిమంది ఒకేసారి లాగిననే వచ్చును. మా విద్యార్థి ప్రశ్నకు ఇదియే ముఖ్యమైన ప్రత్యుత్తరము. యంత్రమును నడపుటకు కొలదిమంది చాలుదురు. తెరచాపకు అందరును కావలెను. అందుచేతనే మన దేశపు నౌకాసైన్యము సహితము 1997లో తరంగిణి యను మూడు కొయ్యల తెరచాప యోడను శిక్షణకై స్వీకరించినది. అది 2003లో బయలుదేరి 2004లో భూగోళమును చుట్టి తిరిగి వచ్చినది.

చుక్కాని చక్రముకడ నిలుచు బాలునికి ఇంకొక నియమము కలదు. అధికారి ఏ దిక్కునకు త్రిప్పుమని చెప్పునో, ఆ మాటను వాడు బిగ్గరగా తిరిగి పలికిన పిమ్మటనే త్రిప్పవలెను. విన్నానని తల యూపిన చాలదు. మా తరగతులలో తల యూపువారు ఎందరో యున్నారు గనుక ఈ సంగతి ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

లోతు కొలుచు విధము మన విద్యార్థులకు క్రొత్త కాదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమున పౌలు ప్రయాణము చేసిన యోడవారు రాత్రివేళ లోతు చూచి మొదట 20 బారలనియు, మరికొంత దూరము పోయి 15 బారలనియు కనుగొనుట చదివియున్నారు. త్రాటి చివర సీసపు గుండు కట్టి విడుచు ఆ పద్ధతినే పదునెనిమిది శతాబ్దముల తరువాతను నావికబాలురు నేర్చుకొనిరి.

ఇక కావలి. మన పెద్దల జాము మూడు గంటలు. ఓడవారి కావలి నాలుగు గంటలు. అరగంట కొకసారి గంట కొట్టుదురు: మొదటి అరగంటకు ఒకటి, తరువాత రెండు, ఇట్లు ఎనిమిది వరకు. ఎనిమిదవ దెబ్బతో కావలి మారును. ఇచ్చట ఒక చిన్న లెక్క యున్నది. 24ను 4చే భాగించిన 6 వచ్చును, అది సరిసంఖ్య. రెండు జట్లు వంతులవారీగా కావలి కాచినయెడల నడిరేయి కావలి ప్రతిదినమును ఒకే జట్టునకు పడును. ఈ యన్యాయము తొలగుటకై సాయంకాలము 4 మొదలు 8 వరకు గల కావలిని రెండు గంటల చొప్పున రెండుగా చీల్చిరి. కావళ్లు 7 అయ్యెను. నేడు నడిరేయి మేల్కొన్నవాడు రేపు నిద్రించును. బేసిసంఖ్య వలన ఇంత మేలు కలిగిన తావు మరియొకటి మాకు తోచదు.

కావలి ముగిసినను తన స్థానమునకు మరియొకడు వచ్చి నిలుచువరకు ఎవడును క్రిందికి దిగరాదు. ఆలస్యముగా లేచినవాడు తన తోటివాని నిద్రనే దొంగిలించుచున్నాడు. ముందుభాగమున నిలిచి చీకటిలో దీపములకై చూచు బాలుని కన్నులపై క్రింద నిద్రించు వారందరి ప్రాణము లాధారపడియున్నవి. కన్నులు తెరచియున్నను ఆపద రావచ్చును. 1905 జూను 25వ తేదీ రాత్రి, కోపెన్‌హేగెను సమీపమున, ఒక బ్రిటిషు పొగయోడ జార్జి స్టేజిని ఢీకొనెను. ఓడ కొలది నిమిషములలోనే మునిగెను. క్రిందనున్నవారిలో పలువురకు పైకి వచ్చుటకు వ్యవధి లేకపోయెను. ఇరువదిరెండుగురు బాలురు మరణించిరి.

ఈ మాట వ్రాయునపుడు తలిదండ్రులుగూడ ఈ పుటలు చదువుదురని మాకు జ్ఞాపకమున్నది. ఓడను నీటినుండి పైకెత్తి బాగుచేసిరి. మరల బాలురు వచ్చిరి. అనగా వారిని పంపిన తల్లులుండిరి. ఆ తల్లులు రేవున నిలిచి ఏమి తలపోసిరో మేము చెప్పజాలము. అది మొదలు 1934 వరకు ఆ యోడ బాలురకు నేర్పుచునేయుండెను. మొత్తము నాలుగువేల మందికి పైగా దానిపై శిక్షణ పొందిరి.

1934లో ఆలన్ విలియర్సు అను ఆస్ట్రేలియా నావికుడు దానిని కొని, జోసఫ్ కాన్రాడ్ అని పేరు మార్చి, బాలురను వెంటబెట్టుకొని రెండు సంవత్సరములలో భూమిని చుట్టి వచ్చెను. 1947 మొదలు అది అమెరికాలోని మిస్టిక్ అను రేవున పురాతన నౌకల ప్రదర్శనశాలలో నున్నది. అచ్చట వేసవి శిబిరములకు వచ్చిన పిల్లలు ఎందరో దానిలోనే శయనించి పడవ నడపుట నేర్చిరి.

డెన్మార్కులో దాని స్థానమున అదే పేరుగల క్రొత్త యోడ 1935 మొదలు తిరుగుచున్నది. పూర్వము బాలురకే యుండిన చోటు తరువాత బాలికలకును లభించినది. సుమారు అరువదిమంది ఇప్పటికిని ఒకే గదిలో గుడ్డ యూయలలలో నిద్రింతురు. అర్ధరాత్రమునకు కొంచెము ముందుగా ఒకరు దీపము పట్టుకొని వచ్చి, తరువాతి కావలివారి యూయలలను మెల్లగా కదపుదురు.