ప్రశ్నలు - జవాబులు: నాన్న కావాలనే ఓడిపోతున్నాడు

ప్రశ్న: సెలవుల్లో పిల్లలతో బిజినెస్ ఆట మొదలుపెడితే నాలుగు గంటలైనా తెమలదు. ఎనిమిదేళ్ల మా చిన్నది మొదటి గంటలోనే దివాలా తీసి, మూల కూర్చుని ఏడుస్తుంది. నలుగురం చివరిదాకా ఆడుకునే, కాస్త బుర్ర పెట్టాల్సిన ఆట ఏదైనా చెప్పండి. (ఒక తల్లి, విజయవాడ)

జవాబు: ఆ పిల్ల ఏడ్చిందంటే ఆట సరిగ్గానే పనిచేస్తోందన్నమాట. మన బిజినెస్‌కు మూలం మోనోపలీ. దానికీ మూలం 1904లో అమెరికాలో లిజీ మేగీ పేటెంటు తీసుకున్న ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. భూములన్నీ ఒకరి గుప్పిట్లోకి చేరితే మిగతావాళ్లు అద్దెలు కట్టి కట్టి ఎలా చితికిపోతారో కళ్లకు కట్టించాలనే ఆవిడ దాన్ని తయారుచేసింది. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ మోనోపలీని అమ్మకానికి తెచ్చేనాటికి ఆవిడ చెప్పదలచిన పాఠం పోయింది, అద్దెలు మాత్రం మిగిలాయి.

ఆట సాగిపోవడానికి సగం కారణం ఇళ్లలో కలుపుకున్న సొంత రూల్సే. మోనోపలీ అసలు నియమం ప్రకారం, ఆగిన స్థలాన్ని ఆ ఆటగాడు వద్దంటే అక్కడికక్కడే వేలం వేయాలి. ఎన్ని ఇళ్లలో వేస్తారు? జరిమానాల డబ్బంతా మధ్యలో కుప్పపోసి, ఫ్రీ పార్కింగ్‌లో ఆగినవాళ్ల చేతిలో పెట్టే అలవాటు కూడా నియమాల పుస్తకంలో లేదు. పోవాల్సినవాళ్లకు ప్రాణం పోసి ఆటను సాగదీసేది అదే. ఇవన్నీ సరిచేసుకుంటే ఆట త్వరగా ముగుస్తుంది, నిజమే. చిన్నది మూల కూర్చోవడం మాత్రం తప్పదు. ఒకరు బయటికి పోతేనే ఇంకొకరు గెలిచే ఆట అది.

ఈ ఇంటికి ‘టికెట్ టు రైడ్’ సరిపోతుంది. అలన్ మూన్ తయారుచేసిన ఈ ఆటకు 2004లో జర్మనీ వాళ్ల ‘ష్పీల్ డెస్ యారెస్’ వచ్చింది. అది 1979 నుంచి ఏటా ఒక మేటి ఆటకు ఇస్తున్న బహుమతి. బోర్డు మీద అమెరికా పటం, ఊళ్ల మధ్య రైలు దారులు, ఒక్కొక్కరికి 45 బుల్లి రైలు పెట్టెలు. వంతు వచ్చినప్పుడు మూడు పనుల్లో ఒక్కటే చేయాలి: రంగు కార్డులు తీసుకోవడమో, చేతిలో ఉన్న కార్డులతో ఒక దారి పట్టుకోవడమో, ఏ ఊరి నుంచి ఏ ఊరికి దారి వేయాలో చెప్పే టికెట్లు ఇంకొన్ని తీసుకోవడమో. ఇంతకంటే చెప్పాల్సింది పెద్దగా లేదు, పావుగంటలో నేర్పేయొచ్చు.

మజా ఎక్కడుందంటే, ఒక్క పెట్టె పట్టే దారికి ఒకే పాయింటు, ఆరు పెట్టెల దారికి ఏకంగా 15. అయితే ఆరు పెట్టెల దారికి ఒకే రంగువి ఆరు కార్డులు పోగుచేయాలి. చిన్నదాని చేతిలో ఐదు ఎర్ర కార్డులున్నాయి. ఆరోది దొరికేలోపు అన్న వచ్చి ఆ దారి మూసేస్తే? కార్డులు గుండెలకు అదుముకుని, అన్న మొహంలోకి దొంగచూపులు చూస్తూ కూర్చుంటుంది ఆ పిల్ల. దివాలా లేదు, బయటికి పోవడం లేదు. ఎవరి దగ్గరైనా పెట్టెలు రెండుకో అంతకంటే తక్కువకో వస్తే అందరికీ చివరిగా ఒక్కో వంతు, ఆ తర్వాత లెక్కలు. గంట చాలు.

మన దేశం పటంతో కూడా ఒక బోర్డు వచ్చింది, వెనకవైపు స్విట్జర్లాండ్. ముచ్చటపడి అదొక్కటే కొంటే ఆడలేరు. పెట్టెలు, కార్డులు అసలు ఆటలోవే కావాలి.

ప్రశ్న: వైకుంఠపాళి వ్యూహం ఉన్న ఆటేనా? (ఒక విద్యార్థి, కరీంనగర్)

జవాబు: కాదు. మధ్యలో లేచి వెళ్లి కాఫీ పెట్టుకునొచ్చినా, తన పందెం పక్కవాడు వేసినా ఫలితంలో తేడా రాదు.

ప్రశ్న: కటాన్ కొన్నాం. ఇంట్లో ఉండేది ఇద్దరమే. ఎలా ఆడాలి? (కొత్త దంపతులు, విశాఖపట్నం)

జవాబు: ముగ్గురి నుంచి నలుగురికి అని పెట్టె మీదే ఉంది, కొనేముందు చదవాల్సింది. ఇద్దరికైతే కార్కసోన్ అనే పలకల ఆట.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఓడిపోతే అలిగి అన్నం మానేస్తాడు. అందుకని ఏ ఆటలోనైనా కావాలనే ఓడిపోతున్నాను. వాడికి అనుమానం రాకుండా ఓడిపోగల మంచి ఆట ఏదైనా ఉందా? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: ఈ శీర్షికకు ఇలాంటి ఉత్తరాలు కొత్త కాదు, రాసేది కూడా చాలాసార్లు నాన్నలే. ఒళ్లు మండేదీ ఇలాంటివి చదివినప్పుడే. తొమ్మిదేళ్లవాడికి అనుమానం రాలేదనుకోవడం నాన్నగారి భ్రమ. చదరంగంలో ఏనుగు పక్కనే ఉన్న బంటును వదిలేసి ఆయన పిచ్చి ఎత్తు వేస్తే, పిల్లవాడు ముందు బోర్డు చూస్తాడు, ఆ తర్వాత నాన్న మొహం చూస్తాడు. ఇక ఆ సాయంత్రం గెలిచినా వాడికి గెలిచినట్టుండదు. రేపు నిజంగా గెలిచిన రోజున కూడా నాన్న వదిలేశాడేమో అనుకుంటాడు. జాలిపడి ఇచ్చిన గెలుపు అవమానమే, తొమ్మిదేళ్లకైనా నలభై ఏళ్లకైనా.

అలాగని పెద్దాయన తన బలమంతా చూపించి పిల్లవాణ్ణి రోజూ చిత్తుచేయమని కాదు. ఆట మొదలయ్యే ముందే, పిల్లవాడి ఎదుటే బలాలు సమం చేసుకోవాలి. చదరంగంలో ఇది పాత పద్ధతే, గట్టివాడు తన మంత్రిని తీసి పక్కన పెట్టి కూర్చుంటాడు. కార్కసోన్‌లో ఒక్కొక్కరు పలకల మీద నిలబెట్టే బొమ్మలు ఏడు. నాన్న ఐదింటితోనే ఆడాలి. ‘నాకు మంత్రి లేడు, కానీ వదిలిపెట్టను’ అని చెప్పి మరీ ఆడాలి. అప్పుడు గెలిస్తే ఆ గెలుపు పిల్లవాడిదే. వరసగా మూడుసార్లు గెలిస్తే నాన్న మంత్రిని వెనక్కి తెచ్చుకుంటాడు. పిల్లవాడికి అంతకంటే పెద్ద పతకం ఏముంటుంది?

అసలు డబ్బు పెట్టి కొనాల్సిన పని కూడా లేని ఆట ఒకటుంది. బలాలు సమంగా లేకపోవడం దాని పుట్టుకలోనే ఉంది. అది పులిజూదం. కొన్ని ఊళ్లలో పులి-మేక అంటారు. పాత గుళ్ల మండపాల్లో, ఊరి అరుగుల మీద చెక్కిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. పేరులో జూదం ఉంది గానీ ఆటలో పాచిక లేదు, గవ్వ లేదు, అదృష్టం వాటా సున్నా. త్రికోణం కొస నుంచి కిందికి గీతలు, వాటికి అడ్డంగా ఇంకొన్ని గీతలు, అన్నీ కలిసేచోట్ల 23 బిందువులు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి పదిహేను మేకలు. సుద్దముక్కతో గచ్చు మీద గీసుకోవచ్చు. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు. ఖర్చు అంతే.

మేకలు ఒక్కో వంతుకు ఒక్కొక్కటి దిగుతాయి. పదిహేనూ దిగేదాకా ముందు దిగినవి కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచే తిరుగుతుంది. పక్క బిందువులో మేక ఉండి, అదే గీత మీద దాని అవతల చోటు ఖాళీగా ఉంటే, దూకి తినేస్తుంది. మూడు పులులకూ కదిలే చోటు లేకుండా చుట్టుముడితే మేకలదే గెలుపు. కాబట్టి మేకలు నడిపేవాళ్లకు ఓపిక కావాలి. అవతల దూకడానికి చోటు లేని అంచులు వెతుక్కోవాలి, ఒక మేక వెనక ఇంకో మేకను కాపలా పెట్టుకుంటూ రావాలి. పులి ఒక ఎత్తు తప్పినా ఇంకోచోట తిండి దొరుకుతుంది, మేక తప్పితే అంతే సంగతులు. హనుమకొండ తండ్రికి చెప్పేదేమంటే, పులులు అబ్బాయికి ఇవ్వాలి, మేకలు ఆయన తీసుకోవాలి. ఆ పైన చేతనైనంత గట్టిగా ఆడాలి. పావు వంతు బిందువులు నిండేసరికి ఆయనకే చెమటలు పడతాయి, నటించే అవసరం రాదు. అబ్బాయి చేయి తిరిగాక వైపులు మార్చుకోవచ్చు.

ఓడితే పిల్లలు ఏడుస్తారు. రెండు గంటల ఆటలో ఓడిన ఏడుపు పెద్దది, ఇరవై నిమిషాల ఆటలో ఓడితే ‘ఇంకొక్కటి’ అంటారు. అందుకని చిన్న ఆటలే మొదలుపెట్టాలి. ఇక అన్నం సంగతంటారా, ఆట భోజనానికి ముందు కాకుండా తర్వాత పెట్టుకుంటే సరి.

ప్రశ్న: మా అమ్మ ఆరు నెలలు ఉండిపోదామని మా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషు రాదు, పిల్లలకు తెలుగు చదవడం రాదు. చలికాలం సాయంత్రాలు అందరం కలిసి ఏం ఆడాలి? (డాలస్, టెక్సస్)

జవాబు: అక్షరం లేని ఆటలు. ‘కోడ్‌నేమ్స్’ లాంటి మాటల ఆటలు ఈ ఇంటికి పనికిరావు, ఎంత పేరున్నా సరే. ‘బ్లోకస్’లో నాలుగు రంగుల్లో ఒక్కో రంగుకు 21 ముక్కలు, బోర్డు మీద 400 గళ్లు. తన రంగు ముక్కలు ఒకదానికొకటి మూలలే తగలాలి, అంచులు తగలకూడదు. నియమం అదొక్కటే, అదృష్టం లేదు. ‘అజూల్’ అయితే కళ్లకు కూడా పండగ. పోర్చుగల్ గోడల మీది రంగు పలకలే దాని ఊహ, 2018లో జర్మనీ బహుమతి దానికే వచ్చింది. పట్టీలో పట్టనన్ని పలకలు ఆశపడి తీసుకుంటే మార్కులు పోతాయి. ముగ్గుల్లో చుక్కలు లెక్కపెట్టి కలిపిన చేతులకు ఇది ఇట్టే వంటబడుతుంది.

అయితే నేర్చుకునే వంతు ఎప్పుడూ పెద్దావిడదే ఎందుకవ్వాలి? రెండు వరసల్లో ఏడేసి గుంటల వామనగుంటలు ఆవిడ చిన్నప్పుడు ఆడే ఉంటుంది. కోడిగుడ్ల అట్టలు రెండు కత్తిరించి అతికిస్తే గుంటలు తయారు. ఎన్ని గింజలు ఏ గుంటలో తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ఆవిడ కళ్లతోనే లెక్కపెట్టేస్తుంటే, మనవలు వేళ్లు మడుస్తూ ఉండిపోతారు. అష్టాచమ్మా కూడా ఆవిడే నేర్పొచ్చు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లాపడితే అష్టా. పందెం చేతిలో లేకపోయినా, నాలుగు కాయల్లో దేన్ని జరపాలన్నది ఆడేవాళ్ల చేతిలోనే ఉంది. వైకుంఠపాళికీ దీనికీ తేడా అదే, కరీంనగర్ విద్యార్థి కూడా గమనించాలి.

ప్రశ్న: కటాన్‌లో ఎంత ఆలోచించి ఆడినా పాచికలే నన్ను ఓడిస్తున్నాయి. మా కజిన్లు నవ్వుతున్నారు. (హైదరాబాద్)

జవాబు: నవ్వేవాళ్లు లెక్క చూసుకుని ఊళ్లు పెట్టుకుంటున్నారేమో. పాచికల మొత్తం ఏ అంకె అయితే, ఆ అంకె పక్కన ఊళ్లున్నవాళ్లకే సరుకు. రెండు పాచికలు 36 రకాలుగా పడతాయి. అందులో 12 పడేది ఒకే ఒక్క రకంగా, 8 పడేది ఐదు రకాలుగా. బోర్డు మీద 6, 8 అంకెలను ఎర్రగా అచ్చువేసింది అందుకే. ఇటుకలు దొరికే చోటు కదా అని 12 పక్కన ఇల్లు కట్టుకుని, పాచికలను తిట్టుకుంటే ఎలా? 7 అన్నిటికంటే ఎక్కువగా, ఆరు రకాలుగా పడుతుంది, దొంగ కదిలేది కూడా దానికే. చేతిలో ఏడు దాటిన కార్డులు ఉంచుకుంటే ఏదో ఒక వంతులో సగం పోవడం ఖాయం. దాచుకోవడం కన్నా ఇచ్చిపుచ్చుకోవడం లాభమని ఆ ఆట పదేపదే చెబుతుంది. 1995లో దాన్ని తయారుచేసిన క్లాస్ టాయ్‌బర్ వృత్తిరీత్యా కృత్రిమ దంతాలు చేసే పనివాడు. ఇంట్లో నేలమాళిగలో నమూనాలు చేసి, భార్యాపిల్లలతో ఆడించి సరిదిద్దుకునేవాడు. ఇంట్లోవాళ్లు విసుక్కున్నది బయటివాళ్లకు నచ్చదని ఆయనకు తెలుసు.

ప్రశ్న: అక్కాతమ్ముళ్లు ఏ ఆట పెట్టినా కొట్టుకుంటున్నారు. (రాజమహేంద్రవరం)

జవాబు: ఇద్దరినీ ఒకే జట్టులో పెట్టాలి. మాట్ లీకాక్ 2010లో తెచ్చిన ‘ఫర్‌బిడెన్ ఐలాండ్’లో 24 పలకల దీవి ఒక్కొక్క పలకగా మునిగిపోతుంటుంది. అందరూ కలిసి నాలుగు నిధులు వెతికి హెలికాప్టర్ ఎక్కాలి. గెలిస్తే అందరూ, మునిగితే అందరూ. ఒక్క జాగ్రత్త, అక్క ‘నువ్వు అక్కడికి పో, నువ్విది తీయి’ అని తమ్ముడి వంతు కూడా తానే ఆడేస్తుంది. ఎవరి వంతులో వాళ్లదే ఆఖరి మాట అని పెద్దలు ముందే తేల్చేయాలి. ఆ నియమం అమ్మానాన్నలకూ వర్తిస్తుంది.

ప్రశ్న: లెక్కల్లో మార్కులు పెరగాలంటే బాబుకు చదరంగం కొనాలా, వేరే ఏదైనా కొనాలా? (గుంటూరు)

జవాబు: లెక్కల పుస్తకం. ఆటను ట్యూషన్‌గా మారిస్తే పిల్లవాడు రెండింటికీ దూరమవుతాడు. చదరంగం కొనాలనే ఉంటే, కొనిచ్చేవాళ్లు కూడా ఎదురుగా కూర్చోవాలి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు ఎత్తులు నేర్పింది తండ్రి అశోక్, ఆయనే ఒక ఆటగాడు.

ప్రశ్న: కొత్తగా కొన్న ఆటలో రెండు కాయలు పోయాయి. మళ్లీ పెట్టె కొనాలా? (నెల్లూరు)

జవాబు: ముందు సోఫా సందుల్లో చేయి పెట్టి చూడాలి. దొరక్కపోతే పాత చొక్కా గుండీలు రెండు తెంపి ఆ రంగు గోళ్ల పాలిష్ వేస్తే చాలు. ఈ శీర్షిక రాసేవారి ఇంట్లో ఒక ఎర్ర రైలు పెట్టె స్థానంలో ఆరేళ్లుగా దానిమ్మ గింజంత ఎర్ర పూస పరుగులు పెడుతోంది, ఎవరికీ అభ్యంతరం లేదు.